ఆ తర్వాత ఏమైందమ్మా?

చావు జరిగిన ఇంటికి వెళ్ళి, కూర్చొని, వినడం అతని ఉద్యోగం. ఆసుపత్రి గడప తొక్కకుండానే పోయినవారి గురించి ఇంటివాళ్ళ నోట విని రాసుకొస్తే, పై కార్యాలయంలో వైద్యులు చదివి కారణం తేలుస్తారు. అలాంటి వేల ఇళ్ళ కథలు కలిస్తే దేశం ఏ జబ్బుతో కన్నుమూస్తోందో తెలుస్తుంది. అతనికున్న నియమం ఒక్కటే: కారణం తాను అందించకూడదు. "ఆ తర్వాత ఏమైందమ్మా?" అని మాత్రమే అడగాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎటు వెళ్ళినా జ్వరాలు, విరేచనాలు, ఊగడం మానేసిన ఉయ్యాలలు. రానురాను ఉయ్యాలలు తగ్గి వాలుకుర్చీలు పెరిగాయి. కొండల వైపు ఇంకా జ్వరమూ పాముకాటూ, గనుల వైపు ఊపిరితిత్తులు, పట్నంలో గుండె. సందర్భం కాకపోయినా ఒక మాట చెప్పక తప్పదు: పోయినవారి కుర్చీని ఏ ప్రాంతంలోనూ ఎవరూ వెంటనే పక్కకు జరపరు. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి వచ్చి అందులో కూర్చుంటుంది. ఆ గదులన్నీ ఒకదానిలోంచి ఒకదానిలోకి తలుపులు తెరుచుకొనే ఒకే పొడవాటి ఇల్లుగా అతనికి తోచేవి. పట్నపు గదుల్లో మాత్రం తరచుగా ఒకే వాక్యం వినిపించేది: "గ్యాసనుకున్నామండీ."

ఒక సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాడు. తల్లి పోయాక అతణ్ణి పెంచింది ఆవిడే. కిటికీ పక్క వాలుకుర్చీలో కూర్చొని దుప్పటి మడతపెడుతోంది. నుదుటి నిండా చెమట.

"ఏంటక్కా, అలా ఉన్నావు?"

"ఏం లేదురా, గ్యాసు. ఇందాకట్నుంచి దవడ లాగేస్తోంది. మేడ మెట్లెక్కితే ఆయాసం."

అలవాటు కొద్దీ అతని నోట వచ్చేసింది: "ఆ తర్వాత ఏమైంది?"

"తర్వాతేముంది నా మొహం! నువ్వొచ్చావు. కూర్చో, టీ పెడతాను."

ఆ ప్రశ్నకు ప్రతి ఇంట్లోనూ జవాబు సిద్ధంగా ఉండేది. ఇక్కడ ఇంకా లేదు. పొద్దువాలిన ఎండ నేలమీద పాకుతూ కుర్చీ కాళ్ళ దాకా వచ్చింది.

"టీ వద్దు, ఆసుపత్రికి పద. అది గ్యాసు కాదక్కా, గుండె." మొట్టమొదటిసారి కారణం తానే అందించాడు.

"చావు కబుర్లు రాసీ రాసీ నీకు అందరూ పీనుగుల్లాగే కనబడుతున్నార్రా! ఇది మడతపెట్టనీ."

"నీ కథ ఇంకెవరి నోటా నేను వినలేనక్కా."

దుప్పటి సగం మడతలో ఆగిపోయింది.

గుండె రక్తనాళం పూడుకుపోయిందనీ, సమయానికి తెచ్చారనీ డాక్టరమ్మ చెప్పింది. తెల్లవారాక అక్క కళ్ళు తెరిచింది.

"ఒరేయ్, కలలో ఎవరెవరి ఇళ్ళో తిరిగాన్రా. ఒక్కళ్ళూ టీ ఇవ్వలేదు."

అతను కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ తర్వాత ఏమైందక్కా?"