గోరుకు తగిలిన గీత

తిన్నగా గీత గీయడం రాక ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. అలాంటి నేను కల్లూరులో రేకుల మీద గీతలు గీసి, కూలర్ డబ్బాలు చేసి బతుకుతున్నానంటే మా లెక్కల అయ్యవారు ఇప్పటికీ నమ్మరు.

ఒకసారి నా కొట్టుకు ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన గుర్తొస్తే నాకు ముందు ఆయన బొటనవేలి గోరే కనిపిస్తుంది. ఇంట్లోనే ఒక మనిషి పట్టే విమానం కట్టుకుంటున్నాడు. దాని చట్రంలో వంగిపోయిన అల్యూమినియం రేకు తెచ్చి, అలాంటిదే కొత్తది చేయమన్నాడు. నేను ఎప్పటిలాగే ఇనుప ముల్లుతో గీసి, గీత వెంట మడిచిచ్చాను. ఆయన కళ్ళు మూసుకుని మడత మీద గోరు నడిపించాడు.

"గోరుకు తగుల్తాండాదప్పా. ఈ గీత కాడనే పగులు పుడ్తాది. పెన్సిలుతో గీయి."

చేతి అలవాటు ఊరికే పోతుందా? రెండోదీ, మూడోదీ ఆ గోరు దగ్గరే ఓడిపోయాయి. నాలుగోదానికి పెన్సిలే పట్టాను గానీ, మడిచేటప్పుడు సుత్తి అంచు సన్నగా గీరింది. మళ్ళీ కళ్ళు మూశాడు, మళ్ళీ గోరు. నాకు ఒళ్ళు మండింది.

"సారూ, నువ్వు ఇట్ల గోకుతాంటే నీ విమానం ఈ జన్మకు లేవదు!"

ఆయన కోప్పడలేదు. రేకు తిరిగి నా చేతిలో పెట్టాడు.

"లేవకుంటే ఈడనే నీ పక్కన కూచోని టీ తాగుతాంటానప్పా. లేచినంక నీ గీత కాడ ఇరిగితే, నేను యాడుంటా?"