పెన్సిలుతో దిద్దిన వరస

ఐరా లువోమా గీసిన కాగితం పంతొమ్మిదేళ్లలో ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఈ మాట ఆమె చెప్పుకున్నది కాదు, మేమే అందరికీ చెప్పుకునేవాళ్లం. కురిక్కా అనే ఊళ్లో మాది ఉక్కు కట్టడాల కార్ఖానా. కింద వెల్డింగు, పైన మా డ్రాయింగు గది. పదకొండేళ్లుగా నా బల్ల ఆమె బల్ల పక్కనే. నాకు నోటి దూల ఎక్కువ, ఆమెకు మాటే తక్కువ. పొద్దున్నే వచ్చి కోటు తగిలించి కంప్యూటరు ముందు కూర్చుందంటే, మళ్లీ కాఫీ వేళకే తల ఎత్తేది.

కొత్త పని వస్తే పాత పని ఫోల్డరు కాపీ చేసుకుని మొదలుపెట్టడం మా అలవాటు. ఆ ఫోల్డర్లన్నిటికీ మూలం ఐరా ఎప్పుడో తయారుచేసిన సెట్టింగులే. మొన్న నవంబరులో సాఫ్ట్‌వేరు కొత్త వెర్షను వచ్చింది. ఆ సెట్టింగులన్నీ దాన్లోకి మార్చే చాకిరీ నా నెత్తిన పడింది. తిట్టుకుంటూ ఒక్కొక్కటే తెరుస్తూ స్టడ్ల దగ్గర ఆగిపోయాను.

స్టడ్లంటే ఉక్కు ఫలకం వెనక వెల్డు చేసే పొట్టి కడ్డీలు, చివర తలకాయ ఉంటుంది. కాంక్రీటులో కూరుకుపోయి ఫలకాన్ని పట్టుకుని ఉండేవి అవే. ఫలకం ఏ ఉక్కో చెప్పడానికి ఒక గడి, స్టడ్లు ఏ ఉక్కో చెప్పడానికి వేరే గడి. ఫలకం గడి మార్చితే స్టడ్ల గడి దానంతటది మారదు. అందులో మామూలు ఉక్కు అనే ఉంది, మొదటి రోజు నుంచీ. ఆ గడుల్లో ఉన్నదే కింద వెల్డింగు వాళ్లకిచ్చే జాబితాలో ఒక్కో వరసగా అచ్చవుతుంది.

మామూలు పనులకు అదే సరిపోతుంది. కానీ ఆ వారం మేం పంపుతున్నవి ఈతకొలను భవనానికి. ఎప్పుడూ తడిగా ఉండే చోటు. ఫలకాలూ స్టడ్లూ రెండూ తుప్పు పట్టని ఉక్కుతోనే చెయ్యాలి. ఆ ఫలకాలకే పైకప్పు వేలాడుతుంది, కింద ఈదేది మా ఊరి పిల్లలు. ఒకసారి కాంక్రీటు పోశాక లోపల ఏముందో ఎవడికీ కనబడదు.

"ఐరా, ఇటొకసారి చూడు," అన్నాను.

చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఫలకం మారిస్తే అవీ మారతాయనుకున్నా," అంది. "లారీ ఎన్నింటికి?"

"పదింటికి. ఐరా, నేను చెప్తాలే. వెర్షను మార్చినప్పుడు తప్పు దొర్లిందని చెప్తే ఎవరికి తెలుస్తుంది?"

"నోర్ముయ్. నా తప్పు తీసుకెళ్లి యంత్రం నెత్తిన రుద్దుతావా?"

తొమ్మిదింటికి కాఫీ గదిలో అందరూ ఉన్నారు. ఐరా కూర్చోలేదు. మేనేజరు హర్రీ వంక చూసి, "లారీ ఆపు. స్టడ్ల ఉక్కు తప్పు రాశాను. ఈ ఒక్క పనికే కాదు, పంతొమ్మిదేళ్లుగా తప్పే రాస్తున్నాను," అంది. హర్రీ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఫోను పట్టుకుని బయటికి పరిగెత్తాడు. మిగతా వాళ్లం కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చింది. ఐరా మాత్రం ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించిన అయస్కాంతం పీకి, కోటు కూడా లేకుండా మెట్లు దిగింది. కోటు పట్టుకుని వెనకే పరిగెత్తాను.

పెరట్లో ఫలకాలు దొంతర్లుగా ఉన్నాయి, పైన మంచు. మామూలు ఉక్కయితే అయస్కాంతం చటుక్కున కరుచుకుంటుంది, తుప్పు పట్టని ఉక్కుకి అంటుకోదు. ఆమె ఒక స్టడ్‌కి ఆనించింది. పట్టీ పట్టనట్టు జారి మంచులో పడింది. ఇంకోదానికి ఆనించింది. మళ్లీ జారింది. పది చూసింది, ఇరవై చూసింది. ఒక్కటీ కరుచుకోలేదు.

వెల్డింగు చేసే యొన్నా వచ్చింది. ఎన్నో ఏళ్లుగా స్టడ్లు వెల్డు చేసే తైస్తో తుంటి ఆపరేషనుకి సెలవు పెట్టాక అతని పని ఈమే చూస్తోంది.

"అవి బాగానే ఉన్నాయి. నేను దిద్దుకునే చేశా," అంది.

"దిద్దుకోమని ఎవరు చెప్పారు?"

యొన్నా ఇబ్బందిగా నా వంక చూసింది. "తైస్తోనే. ఐరా కాగితం కళ్లు మూసుకుని నమ్ము, స్టడ్ల వరస మాత్రం ఫలకాన్ని చూసి దిద్దుకో అన్నాడు. పైకి చెప్పొద్దన్నాడు."

తైస్తో బీరువా తీసి చూపించింది. ఈతకొలనులు, పాల కర్మాగారాలు, చేపల గోదాములు, అన్నిటి జాబితాలూ ఉన్నాయి. ప్రతిదాంట్లో స్టడ్ల వరస పెన్సిలుతో కొట్టేసి, పక్కన పొందికైన అక్షరాలతో సరైన ఉక్కు రాసి ఉంది. ఐరా ఒక్కో కాగితం తిప్పుతూ ఉండిపోయింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఈ పెద్దమనిషి యొన్నాకి చెప్పకుండా ఆపరేషను బల్ల ఎక్కి ఉంటే ఏమయ్యేది?

శనివారం యాలకుల బన్నులు చేసుకుని ఐరా తైస్తో ఇంటికి బయల్దేరింది. కారు నేనే నడిపాను. అతను ఊతకర్రల మీద వచ్చి తలుపు తీసి, ఆమె చేతిలో పాత జాబితా చూడగానే తల దించుకున్నాడు.

"ఎందుకు చెప్పలేదు?" అంది ఐరా, ఇంకా గడపలోనే నిలబడి.

"మొదటి తప్పు దొరికిన వారమే నువ్వు ఎస్కోని మట్టిలో పెట్టి వచ్చావు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషితో స్టడ్ల సంగతి ఏం ఎత్తను?"

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఒకరోజు కాఫీ దగ్గర నవ్వావు. ఎన్ని నెలలకో. అది చెడగొట్టాలనిపించలేదు. ఆపైన మరీ ఆలస్యమైపోయింది. ఇన్నాళ్లూ ఏం చేశావని తిడతావని భయం."

"పిరికి సన్నాసివి."

"అవును."

"నా కాగితం ఒక్కటి కూడా వెనక్కి రాలేదని అంతా అంటుంటే సిగ్గులేకుండా వినేదాన్ని."

"రాలేదుగా," అన్నాడు తైస్తో.

ఐరా ఏడ్చింది. ఎస్కో పోయినప్పుడు కూడా మనుషుల ముందు ఏడవలేదట, అది తర్వాత తైస్తో చెప్పాడు నాకు. నేను బన్నుల పళ్లెం పట్టుకుని వంటింట్లోకి తప్పుకున్నాను.

స్టడ్ల గడి ఆమే స్వయంగా సరిచేసింది. ఫిబ్రవరిలో తైస్తో పనిలోకి వచ్చాక మొదటి జాబితా ఒక పాల కర్మాగారానిది. దాన్ని తనే కిందికి పట్టుకెళ్లింది. నేను మెట్ల మీదినుంచి చూస్తున్నాను. తైస్తో అలవాటుగా చెవి మీది పెన్సిలు తీశాడు. స్టడ్ల వరస దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"నాకు పని లేకుండా చేశావే," అన్నాడు.

"ఇంకెక్కడైనా తప్పుందేమో వెతుకు," అంటూ ఐరా ఒక పెట్టె లాక్కుని అతని పక్కన కూర్చుంది.

ఆ జాబితా మొత్తం రెండు పేజీలు. కాఫీ వేళ దాటిపోయినా ఇద్దరూ ఇంకా వెతుకుతూనే ఉన్నారు.