రెండు కాగితాలతో ఇబ్రహీంపట్నం నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా

ముందు జరిగినవి, వరుసగా:

1. రెండేళ్లుగా కొలెస్ట్రాల్‌కు రోజూ అటోర్వాస్టాటిన్ మాత్ర వేసుకుంటున్నాను.
2. సోమవారం గొంతు నొప్పికి మా ఊరి డాక్టర్ క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు.
3. గురువారం తొడలు బరువెక్కాయి. నాదర్‌గుల్ వెంచర్‌లో ప్లాట్లు కొలుస్తూ తిరిగినందుకేమో అనుకున్నాను.
4. శనివారం తెల్లవారగానే మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది.

నాలుగోదానికి నాకు కారణం దొరకలేదు. అందుకే ఈ ప్రయాణం.

ఆ ఉదయమే ఏడుంపావుకు ఇబ్రహీంపట్నంలో బస్సెక్కాను. కడ్డీని రెండు చేతులా పట్టుకుంటే తప్ప మెట్టు ఎక్కలేకపోయాను. రోజూ చూసే కండక్టరమ్మ నవ్వింది. "ఏందన్నా, ప్లాట్లు కొలిచి కొలిచి కాళ్లు గూడ అమ్ముకున్నవా?"

"ఏమో అక్కా, ఏం సమజైతలేదు," అన్నాను.

సాగర్ రోడ్డు మీద గంటంపావు ప్రయాణం. దారి పొడవునా నా జాబితాలు తిరగేశాను. డాక్టర్‌కు ఒక కాగితం చొప్పున మందులు రాసుకోవడం నా పద్ధతి. కొలెస్ట్రాల్ డాక్టర్‌ది ఒకటి, గొంతు డాక్టర్‌ది ఒకటి. రెండింటిలోనూ తప్పు కనిపించలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో నా కొలెస్ట్రాల్ డాక్టర్ ఉండే దవాఖాన తొమ్మిదింటికి తెరుస్తారు. ఈలోగా పక్కనున్న మెడికల్ షాపులో నొప్పి మాత్ర అడిగాను.

"వేరే మందులేమన్న వాడుతున్నవా అన్నా?" అంది షాపామె.

"ఏ డాక్టర్ రాసినవి?" అని అడిగాను.

"డాక్టర్‌కొక పొట్ట ఉన్నదా నీకు? అన్నీ చూపియ్!"

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. ఆమె నవ్వు ఆగిపోయింది. "గీ రెండు కలిపి మింగినవా? మూత్రం రంగు మారిందా?"

"అవ్."

"నొప్పి మాత్ర ఇయ్య. దవాఖాన తెరుస్తున్నరు, జల్ది పో."

డాక్టర్ వివరించారు: గొంతు మందు వల్ల కొలెస్ట్రాల్ మందు శరీరంలో త్వరగా కరగక, రక్తంలో పేరుకుంది. దానితో కండరాలు దెబ్బతిన్నాయి. వాటి నుంచి వచ్చిన వ్యర్థమే మూత్రం రంగు మార్చింది, అది కిడ్నీలను పాడుచేయవచ్చు. రెండు మందులూ ఆపించి, నన్ను చేర్చుకుని సెలైన్ పెట్టారు. మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. కిడ్నీలు ఇప్పటికి బాగున్నాయి. రేపు మళ్లీ చూస్తారు.

మంచం మీద పడుకుని ఇప్పటికీ తికమకపడుతున్నాను. రెండు కాగితాలూ సరిగానే ఉన్నాయి, అయినా నా కాళ్లు లేవలేదు. నేను అంత జాగ్రత్తగా విడదీసి దాచినవి నా ఒంట్లో ఎప్పుడో కలిసిపోయాయి.

మీరూ ఈ కొలెస్ట్రాల్ మందే వాడుతుంటే, ఎవరు రాసినవైనా అన్నీ ఒకే కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. కొత్త మందు, ముఖ్యంగా యాంటీబయాటిక్ గానీ ఫంగస్ మాత్ర గానీ, రాయించుకునే ముందు ఆ కాగితం చూపించండి. నా కొత్త కాగితం నర్సమ్మ దగ్గర అడిగి తీసుకున్నది. ఇప్పుడు దిండు కింద ఉంది.

సాయంత్రం 5 గంటల 40 నిమిషాలు.
గుండ్ల యాదగిరి