పల్లేరు మేసిన తెల్ల గొర్రెలు

1966 వానాకాలం మొదట్లో నన్ను మెదక్ పట్టణంలోని పశువుల దవాఖానకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. హోదా పేరు పొడుగే. గొడ్డు ఈనలేకపోయినా, కోళ్లకు కొక్కెర తెగులు తగిలినా, గొర్రె ఎందుకు చచ్చిందో కాగితం రాయాలన్నా అన్నిటికీ నేనే. అలాంటి ఒక కాగితం రాయమని నన్ను అడిగిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు తొలకరి పడి ఆగిపోయింది. బీళ్లలో మొలిచింది పల్లేరు ఒక్కటే. నేలబారున పాకే తీగ, చిన్న పసుపుపచ్చ పూలు, కాలిలో దిగే ముళ్ల కాయలు. మెట్ట ప్రాంతంలో దాన్ని తొక్కనివాడు లేడు. మామూలు రోజుల్లో గొర్రెలు దాన్ని నాలుగు కొరుకులు కొరికినా ఏమీ కాదు.

ఏడుపాయల దారిలో పట్టణం చివరి వాడ నుంచి అక్కడి పటేల్ కబురు పంపాడు. ఆయన నెల్లూరు వైపు నుంచి తెల్ల గొర్రెలు తెప్పించి పెంచుతున్నాడు. వాటి మూతులు, చెవులు ఉబ్బిపోతున్నాయట, కొన్ని చచ్చాయట. సంచి సర్దుకుని సైకిలెక్కాను.

వెళ్లేసరికి మంద చుట్టూ జనం. బండి చక్రానికి ఒక ముసలామెను కట్టేసి ఉంచారు. నోటి నిండా రక్తం. పేరు మల్లవ్వ. మొగుడు పోయిన కురుమామె, గొంగళ్లకు ఉన్ని ఇచ్చే కొద్దిపాటి నల్ల గొర్రెలను మేపుకుని బతుకుతోంది. ఆమె బాణామతి చేసిందట. బాణామతి అంటే చేతబడి. చేసినవాళ్ల పళ్లు పీకితే మంత్రం పలకదని ఈ వైపు నమ్మకం. రెండు ముందుపళ్లు అప్పటికే పీకారు. పట్టకారు పటేల్ జీతగాడి చేతిలో ఉంది.

"అందరి జీవాలు ఒక్క బీట్లనే మేస్తున్నయి సాబ్. మావి సస్తున్నయి, దానివి మంచిగ తిరుగుతున్నయి. ఇంకేం సాక్ష్యం గావాలె?" అన్నాడు పటేల్. తర్వాత అసలు సంగతి చెప్పాడు. "రోగమేం లేదని రెండు ముక్కలు రాసియ్యుండ్రి. మిగతది మేం జూసుకుంటం."

మిగతదంటే ఉన్న పళ్లు కూడా పీకి, ఆమెను ఊరు దాటించడం. రేపు పోలీసులొస్తే చూపించుకోవడానికి సర్కారు డాక్టరు సంతకం కావాలి. ఎంత తెలివి! చర్చి గంట వినబడే దూరంలో, తాలూకా కచేరీకి కూతవేటులో ఈ పని జరుగుతోంది. చేతులు కట్టుకుని చూస్తున్నవాళ్లలో బడిపంతులు కూడా ఉన్నాడు.

ముందు ఆమెను విప్పితేనే సంచి తెరుస్తానన్నాను. గొణుక్కుంటూ విప్పారు.

జ్వరం పెద్దగా లేదు. ముక్కు వెంట రక్తం లేదు కాబట్టి దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్, అనుకోవడానికి లేదు. కళ్లు మాత్రం పచ్చబడ్డాయి. గొర్రెలన్నీ ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నీడ వెతుక్కుంటున్నాయి. చచ్చినదాన్ని కోశాను. కాలేయం పసుపు తిరిగింది, పొట్ట నిండా పల్లేరు.

వానకు మొలిచి ఎండకు వాడిన పల్లేరును ఆకలి మీద అదే పనిగా మేస్తే కాలేయం చెడుతుంది. అప్పుడు పచ్చిమేత అరిగినప్పుడు పుట్టే ఒక పదార్థం బయటికి పోక రక్తంలో చేరుతుంది. ఆ పైన తెల్ల చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు ఉబ్బుతుంది. నల్ల చర్మం ఎండను ఆపుతుంది. దీన్ని ఫోటోసెన్సిటైజేషన్ అంటారు. మల్లవ్వ గొర్రెల రెప్పలు తిప్పి చూశాను. వాటి కళ్లూ పచ్చగానే ఉన్నాయి.

ఇదంతా చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. పటేల్ జేబులోంచి కలం తీసి నా ముందు పెట్టాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మందలోకి దిగి వెతికితే ఒక మచ్చల గొర్రె దొరికింది. ఒక చెవి నలుపు, ఇంకోటి తెలుపు. తెల్ల చెవి బూరెలా వాచి వేలాడుతోంది, నల్ల చెవి నిక్షేపంగా ఉంది. దాన్ని ఈడ్చుకొచ్చి ఆయన ముందు నిలబెట్టాను.

"గీ రెండు చెవులు జూడుండ్రి పటేలా. మల్లవ్వ బాణామతి ఒక చెవికి తల్గి, ఇంకో చెవిని ఇడిసిపెట్టిందా?"

జీతగాడు పట్టకారును తువ్వాలలో చుట్టుకున్నాడు. అందరికంటే ముందు జారుకున్నది పంతులు.

గొర్రెలను చీకటి కొట్టంలో పెట్టించి, ఎండు జొన్నసొప్ప వేయించి, పుండ్లకు మందు రాయించాను. చాలావరకు బతికాయి. పటేల్ సంతోషపడి నాకు ఒక పొట్టేలు పంపితే తిప్పి పంపాను. మల్లవ్వకు ఏం చేస్తావని అడిగితే "అయిపాయె గద సాబ్, ఇంకెందుకు" అన్నాడు. అయిపోయిందట!

ఠాణాలో ఫిర్యాదు ఇద్దాం, నేను సాక్ష్యం చెబుతానని మల్లవ్వతో అన్నాను. ఆమె కొంగుతో నోరు కప్పుకునే మాట్లాడింది. "పండ్లు పీకితె మంత్రం పోతదంటిరి. నాకు మంత్రమే రాకపాయె, పండ్లైతె పాయె. ఠాణాకు పోతే రేపు నా జీవాలను యాడ మేపాలె సారూ?"

నా నివేదికలో జరిగిందంతా రాశాను. మల్లవ్వ సంగతి మన శాఖకు సంబంధించింది కాదు, ఆ పేరా కొట్టేయమని పై అధికారి తిప్పి పంపాడు. ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ పంపాను. జవాబు రాలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, జీవాలు చస్తున్నాయని ఏ ఊరి నుంచి కబురొచ్చినా, వెళ్లగానే మొదటి ప్రశ్న ఒకటే అడిగేవాణ్ని: ఎవరి మీద అనుమానపడుతున్నారు? ఆ మనిషిని నా కళ్లెదుట కూర్చోబెట్టాకే థర్మామీటరు బయటికి తీసేవాణ్ని.