భ్రమరాంబగారి దుర్బీను

చిక్కడపల్లిలో సంగీతం చెప్పే భ్రమరాంబకు చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ. ఎదురైనవాళ్లను పోల్చుకోలేక పలకరించకపోతే, కోస్తా నుంచి వచ్చినావిడకు పొగరని వీధంతా తీర్మానించింది. 1969లో కంటి డాక్టరు చిన్న గొట్టాలు బిగించిన ప్రత్యేకమైన కళ్లజోడు ఇప్పించాడు. అరుగు మీద కూర్చుంటే వీధి చివరి మొహాలు కూడా కనిపించాయి. ఆమె సంబరంగా అందరినీ పలకరించింది. వీధిలో కిటికీలన్నీ మూతపడ్డాయి.

ఎదురింటి బుగ్గమ్మ నిలదీయడానికే వచ్చింది. "ఏందమ్మా, ఆ దుర్బీను పెట్టుకొని మా ఇండ్లల్లకు చూస్తున్నరంట?"

"ఇళ్లల్లోకి కాదే, మీ మొహాలు చూస్తున్నాను. ఇన్నేళ్లూ నీ గొంతే తెలుసు. ఇంత అందంగా ఉంటావనుకోలేదు."

బుగ్గమ్మ మెత్తబడింది. "జర నన్ను గూడ చూడనియ్యుండ్రి" అని కళ్లజోడు పెట్టుకుంది. పక్కింటి కిటికీ సందులోకి చూస్తూ, చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.