ఎండబెట్టిన పెట్టుబడి

యుద్ధం జరుగుతున్న ఆ రోజుల్లో, బెజవాడలో మదుపు గురించి సలహా చెప్పలేని మనిషంటూ లేడు. కాఫీ హోటల్లో సర్వరు వెండి కొనమనేవాడు, క్షవరం చేసే ఆయన అగ్గిపెట్టెలు కొని దాచమనేవాడు. పద్దెనిమిది రూపాయల జీతగాళ్ళం ఇద్దరం కలిస్తే లక్షలకు తక్కువ మాట్లాడుకునేవాళ్ళం కాదు. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. వన్‌టౌనులో ఒక బట్టలకొట్లో గుమాస్తాని. వచ్చినవాళ్ళకు చీరలు విప్పి చూపించడం, వాళ్ళు ఏదీ కొనకుండా వెళ్ళిపోయాక మళ్ళీ మడతలు పెట్టడం నా ఉద్యోగం. (విప్పడానికి నిమిషం, మడతకు పది నిమిషాలు. ఈ సంగతి మా యజమానికి చివరిదాకా అర్థం కాలేదు.)

మాది నేతపని కుటుంబమే గానీ, నాన్న హయాంలోనే మగ్గం చెయ్యి జారిపోయింది. పామర్రు దగ్గర పల్లెలో మా మేనమామకు మాత్రం నాలుగు మగ్గాలు ఆడుతుండేవి. ఆయన ఓరోజు నన్ను కూచోబెట్టి, "ఒరే అబ్బాయ్, ఆరు నెల్లు టైమిస్తన్నా. వంద రూపాయలు నాకు కళ్ళ చూపించు. అయిదో మగ్గం వేయించి సగం వాటా ఇస్తా. లేదంటావా, జన్మంతా ఆ మడతలే పెట్టుకో" అన్నాడు. ఆ అయిదో మగ్గం చప్పుడు ఆరోజు నుంచీ నా చెవుల్లో మోగుతూనే ఉంది. కానీ రెండేళ్ళు నోరు కట్టుకుని పోస్టాఫీసులో వేసింది మొత్తం అరవై రూపాయలు. ఆరు నెలల్లో మిగతా నలభై ఎక్కణ్ణుంచి తెస్తాను?

అప్పుడు తట్టింది నాకా మహత్తర ఆలోచన. యుద్ధం మూలంగా సీమ నుంచి ఓడలు రాక అద్దకం రంగులకు కరువొచ్చింది. నెలనెలా ధర మెట్లెక్కుతోంది. 'బంగారం ఎవడిక్కావాలి, రంగు లేకపోతే నేతవాడు చీర అంచు ఎలా నేస్తాడు?' అని నాకు నేనే ఉపన్యాసం ఇచ్చుకుని, అరవై రూపాయలూ తీసి ఎర్రరంగు పొడి డబ్బా ఒకటి కొన్నాను. చిటికెడు వేస్తే గంగాళం నీళ్ళు మందారపువ్వులా అయ్యే రకం. నాలుగు నెలలు తిరిగేసరికి దాని ధర నూట పది పలికింది! మామయ్యకు ఎలాగూ రంగు కావాలి, మధ్యలో దళారీ ఎందుకని కార్డు రాశాను: 'వంద సిద్ధముగానున్నది. ఆదివారం వచ్చి స్వయముగా చూడవలెను.' (ఆ కార్డు రాసిన చెయ్యి నాదేనంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.)

ఆదివారం పొద్దున్నే డబ్బా బయటికి తీశాను. దొంగలు మంచినీళ్ళ కుండ కింద వెతకరన్న ముందుచూపుతో దాన్ని అక్కడ దాచాను మరి. దొంగలు వెతకలేదు గానీ, నాలుగు నెలలు కుండ ఊరిన చెమ్మంతా లోపలికి దిగింది. మూత తీస్తే పొడి లేదు, బెల్లం అచ్చుల్లాంటి గడ్డలున్నాయి. డబ్బా పట్టుకుని పరిగెత్తి, డాబా మీద వడియాలకు కాపలా కూర్చున్న ఇంటి యజమానురాలు మామ్మగారి ముందు ఏడుపు మొహం పెట్టాను.

"ఓస్, ఇంతేగా! ఎండలో పోసి అప్పడాల కర్రతో నలుపు నాయనా. రోహిణి ఎండ, గంటలో పిండైపోద్ది" అన్నారావిడ.

సగం గడ్డలు పేపరు మీద పోసి, ఆవిడ కర్రతోనే నలిపాను. నలిపి నలిపి మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా చేశాను. (ఆ శ్రద్ధే కొంప ముంచింది.) మిగతా సగం రెండో వాయికి డబ్బాలో ఉంచి, నాలుగు ముద్దలు తిని వద్దామని కిందికి దిగాను. అంతలో గాలిదుమారం. పైకి పరిగెత్తేసరికి పేపరూ లేదు, పొడీ లేదు. మామ్మగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "నీ పొడి ఊరెళ్ళింది నాయనా" అన్నారు. కిందికి తొంగి చూశాను. వీధి దుమ్ములో నా రంగు ఎక్కడా కనిపించలేదు. అసలు సంగతి అయిదు నిమిషాల తర్వాత వాన మొదలయ్యాక తెలిసింది.

మొదటి చినుకుకు ఎదురింటి అరుగు మీద మిషను కుడుతున్న టైలరు సాయిబుగారి తెల్లగడ్డం గులాబీరంగుకు తిరిగింది. రెండో చినుకుకు ఎద్దుబండికి కట్టిన తెల్లగిత్త. తీగల మీద ఆరేసిన పంచెలు, దుప్పట్లు, చొక్కాలు చుక్కలు చుక్కలుగా పూశాయి. తుడుచుకున్నకొద్దీ ఇంకా పాకింది. "జపానోడు ఎర్రమందు చల్లాడ్రోయ్!" అని ఎవరో అరిచారు. వీధి వీధంతా పరుగే పరుగు. ఆ పరుగుకు ఎదురొస్తూ, ఇస్త్రీ పంచె, తెల్ల లాల్చీతో మా మామయ్య సందు మొగలో ప్రత్యక్షమయ్యాడు. నా దగ్గరకు వచ్చేసరికి తెలుపన్నది ఆయన పళ్ళలోనే మిగిలింది.

"ఏందిరా ఇది, రక్తమా?" అన్నాడు చేతులు చూసుకుంటూ.

"కాదు మామయ్యా," అన్నాను, "నా వంద."

వాన వెలిశాక వీధంతా మా గుమ్మంలో ఉంది. మామయ్య లాల్చీ విప్పి, దాని చేతిని మూడుసార్లు ఉతికి, పిండి, వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. "ఇంకేమన్నా మిగిలిందా?" అన్నాడు. సగం డబ్బా ఉందన్నాను. "ఈ చుక్కలిక పోవమ్మా. మొత్తం ముంచెయ్యటమే దారి. గంగాళం పెట్టండి" అన్నాడు మామ్మగారితో. పెరట్లో పొయ్యి రాజేశారు. మామయ్య బట్టలు తిప్పుతుంటే నేను ఉప్పు, రంగు పాళ్ళు చూసి వేస్తూ పోయాను. పిడికిలికి అయిదు రూపాయల చొప్పున నా అయిదో మగ్గం ఆ నీళ్ళలో కరిగిపోయింది. ఏడుపొచ్చింది, ఆవిరి కళ్ళల్లో పడిందని చెప్పాను. సాయంత్రానికి వీధిలో ప్రతి పంచే, ప్రతి దుప్పటీ ఒకే ఎరుపు. సాయిబుగారు మాత్రం, "గడ్డం వదిలెయ్ బాబూ, గోరింటాకు పెట్టానని చెప్పుకుంటాలే" అన్నారు.

బస్సెక్కబోతూ మామయ్య ఆగాడు. "డబ్బు ఎక్కడ దాచాలో నీకు తెలవదురా. అది ఎవరన్నా నేర్పుతారు. నలభై ఇళ్ళ బట్టలకు రంగు పాళ్ళు వేశావు, ఒక్కదానిలో మచ్చ లేదు. నా దగ్గర పదేళ్ళుగా చేసేవాళ్ళకు కూడా ఆ చెయ్యి రాలేదు. రేపు కొట్లో చెప్పి వచ్చెయ్. సగం కాదు, పావు వాటా."

కాళ్ళ మీద పడాల్సిన సమయం. నేను బేరమాడాను. "మూడోవంతు, మామయ్యా!"

వీపు మీద ఒక్క దెబ్బ వేశాడు. అయిదు ఎర్రటి వేళ్ళు నా చొక్కా మీద పడ్డాయి. మా ఇద్దరి మధ్యా ఒప్పంద కాగితమంటూ అదొక్కటే.

ఇప్పుడు నేను జాగ్రత్తపరుణ్ణి. ఏది కొనాలన్నా నలుగురిని అడుగుతాను, అమ్మాలంటే ఎనిమిది మందిని. గాలిదుమారంలో డాబా మీదికి పరిగెత్తిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా వేస్తుంది. ఇప్పటి నేనైతే ఆ డబ్బాను పొడిగా, భద్రంగా, తాళం వేసి ఉంచేవాణ్ణి. ఇంకో నెల ఆగితే ఇంకో పది వస్తుంది కదా అని మామయ్యకు కూడా అమ్మకుండా, యుద్ధం అయిపోయి రంగు ధర పడిపోయేదాకా కూర్చునేవాణ్ణి. అప్పటికి ఆయన అయిదో మగ్గం ఇంకెవరితోనో వేయించి ఉండేవాడు.