ఎనిమిదో దర్వాజ

చౌటుప్పల్ దాటాక హైవే పక్కనున్న సర్వీస్ సెంటర్లో నా కారును పైకి లేపి, కింద బోల్టు విప్పగానే వేడి ఆయిల్ నల్లటి తీగలా సాగి పళ్లెంలో పడుతుంది. ఆ వాసన మనదాకా రాకూడదని వాళ్లు మనల్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, ఏసీ వేసి, చేతికి చాయ్ ఇస్తారు. నేను ఆ గదిలో కూర్చోను. బండి పక్కనే నిలబడతాను, పాత ఫిల్టర్ నా చేతిలో పెట్టేదాకా బిల్లు కట్టను. పదివేల కిలోమీటర్లకు ఒకసారి, లేదా ఏడాదికి ఒకసారి మారిస్తే చాలని వాళ్లు చెబుతారు. ఆయిల్‌కింత, ఫిల్టర్‌కింత, కూలీకింత అని వరుసగా రాసి చివర 'ఇతరాలు' అని ఒక వరుస కలుపుతారు. ఆ ఇతరాలు ఏమిటో విడమరిచి చెప్పేదాకా నేను కదలను. 'ఫిల్టర్ మేడం వచ్చింది' అని వాళ్లలో వాళ్లు అనుకోవడం రెండుసార్లు విన్నాను. అన్నది ఎవరో కూడా నాకు గుర్తుంది. ఒక్క ఫిల్టర్ దగ్గర మా ఇంట్లో ఏం పోయిందో వాళ్లకు తెలియదు.

మాది మోత్కూర్. నేను నాలుగు, ఐదు తరగతులు చదివే రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, మా బాపు యాదగిరి ఒక కంట్రాక్టర్ దగ్గర డ్రైవర్‌గా ఉండేవాడు. చెరువు కట్టలు, కల్వర్టులు కట్టించే ఆ కంట్రాక్టర్ సెకండ్ హ్యాండ్‌లో ఒక తెల్ల అంబాసిడర్ కొన్నాడు. ఆయన ఇంటి ముందు జాగా అంతా లారీలే ఉండేవి కాబట్టి కారు మా వాడకట్టులో, మా ఇంటి ముందరే నిలిచేది. సొంత కారు కాకపోయినా, దాని అద్దాల మీద ఎర్రటి దుమ్ము పడితే మా అమ్మ కొంగుతో తుడిచేది, దాని నీడలో మేం గచ్చకాయలు ఆడుకునేవాళ్లం, ఎండాకాలం దాని కింద కోళ్లు పడుకునేవి.

ఆ రోజుల్లో అంబాసిడర్‌కు రెండు రెండున్నర వేల కిలోమీటర్లకే ఆయిల్ మార్చాలి. కంట్రాక్టర్ పనులు నల్లగొండ నుంచి దేవరకొండ దాకా, అటు మహబూబ్‌నగర్ వైపూ ఉండేవి కాబట్టి ఇంచుమించు రెండు నెలలకొకసారి ఆ రోజు వచ్చేది. పొద్దున్నే బాపు ఇంజన్ కాసేపు నడిపి, ఆయిల్ వేడెక్కి పలుచబడ్డాక గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరేవాడు. కాళ్లు మాత్రం బయటికి కనిపించేవి. పానా తిప్పిన చప్పుడు, తర్వాత రేకు తొట్టిలో ఆయిల్ పడుతున్న చప్పుడు, అది సన్నగిల్లి చుక్కలు చుక్కలుగా మారేదాకా బాపు ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు, ఆ తొట్టిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. అప్పటికే చుట్టూ జనం చేరేవారు. ఒకరు డాల్డా డబ్బా, ఒకరు చిప్ప, ఒకరు పగిలిన చెంబు పట్టుకుని నిలబడేవారు, ఎందుకంటే కాలిన ఆయిల్ మా వాడకట్టుకు మందులాంటిది. బండి ఇరుసుకు తలా గరిటెడు పోగా మిగిలినదంతా దర్వాజలకే. మా ఎర్రనేలలో చెదలు ఎంత వేగంగా పడతాయంటే, వానలు పడి నెల తిరక్కుండానే గడప దగ్గర మట్టిగీతలు పైకి పాకేవి, మూడు నాలుగేళ్లకు వేప దర్వాజ కూడా లోపల గుల్లయ్యేది. కాలిన ఆయిల్ గుడ్డతో అద్ది రెండు మూడు పూతలు పూస్తే చెద దగ్గరికి రాదు.

ఒకసారి తీసిన ఆయిల్ ఒక్క ఇంటి దర్వాజకూ దూలాలకూ మాత్రమే సరిపోయేది. అందుకే మా అవ్వ వంతులు పెట్టింది. మా అవ్వకు చదువు రాదు, కానీ ఎవరి వంతు ఎప్పుడు అయిందో, ఎవరిది ఎప్పుడు రావాలో ఆమె నోట్లో ఉండేది. మొదటిసారి మృగశిర కార్తె మొదలయ్యే మిరుగునాడు, తొలివాన వాసనలో, ఎడ్లబండి నడిపే మల్లయ్య దర్వాజకు. రెండోది శ్రావణంలో, పక్కింటి లచ్చమ్మక్క దర్వాజకు. దసరాకు కారు కడిగి బంతిపూల దండ వేసిన నాడు ఒకటి. వరికోతలప్పుడు, రోడ్డంతా గడ్డి వాసన వేసే చలిలో ఒకటి. శివరాత్రికొకటి, మామిడికాయ తొక్కు పెట్టే ఎండలకొకటి. ఏడోది మళ్లీ బోనాల వేళ, కంట్రాక్టర్ దగ్గరే మేస్త్రీగా ఉన్న సత్తయ్య దర్వాజకు. మాది ఎనిమిదోది. మన ఇంటికే ముందు పూసుకుందామని అమ్మ అంటే అవ్వ ఒప్పుకోలేదు. ఆయిల్ మన వాకిట్ల కెల్లి పోతాంది, మనమే ముందుగాల పూసుకుంటె మంది ఏమంటరు అని ఆమె లెక్క. ఎనిమిదో మార్పిడి దసరాకు పడుతుంది, అప్పుడు పూసుకుందాం అని తేల్చింది.

ఇక ఫిల్టర్ సంగతి. ఆయిల్ మార్చినప్పుడల్లా లోపలి కాగితం ఫిల్టర్ కూడా మార్చాలి. దాని ఖరీదు బాపుకు రెండు రోజుల బత్తా. కంట్రాక్టర్ ఆయిల్‌కు పైసలిచ్చేవాడు గానీ ఫిల్టర్‌కు ఇచ్చేవాడు కాదు. కడిగి పెట్టు, కాగితమే గదా అనేవాడు. మాకూ అందులో తప్పు కనిపించలేదు. చాయ్ వడగట్టే గుడ్డను ఉతికి ఆరేస్తాం, ఇదీ అంతే అనుకున్నాం. బాపు దాన్ని పెట్రోల్‌లో ముంచి, జాడించి ఇస్తే నేను గోడ మీద ఎండకు పెట్టి, అవ్వ వడియాలు తిప్పినట్టు తిప్పేదాన్ని. దాని మడతల్లో వేలు పెట్టి చూస్తే నల్లటి పొడి అంటేది. నాలుగోసారి కడిగిన నాడు మా ఊరి మెకానిక్ ఖాజా చాచా చూసి, ఇక ఇది పనికిరాదు, చినుగుతుంది అన్నాడు. బాపు అదే మాట కంట్రాక్టర్‌కు చెప్పాడు. ఆయన కారెక్కుతూ, వెనక్కి తిరక్కుండా, 'కొత్తది కావాల్నంటె నీ బత్తాల పట్టుకుంట, సరేనా?' అన్నాడు. నేను బడిసంచి భుజాన వేసుకుని అక్కడే ఉన్నాను. బాపు ఆ తర్వాత కూడా పాతదాన్నే కడిగి బిగించాడు. ఇప్పటికీ ఆ మాట ఆ గొంతుతోనే వినిపిస్తుంది.

ఆ ఏడు నవరాత్రులకు కంట్రాక్టర్ భార్యాపిల్లలతో అలంపూర్ జోగులాంబ దర్శనానికి బయల్దేరాడు. పెబ్బేరు దాటాక ఇంజన్లో టకటకమని చప్పుడు మొదలైందట. బాపు ఆపుదామంటే, మంచి ముహూర్తం దాటిపోతుంది నడువు అన్నాడట. మరి కొంత దూరం పోయాక పొగ లేచి బండి బిగుసుకుపోయింది. వాళ్లు బస్సెక్కి దర్శనానికి పోయారు. బాపు రోడ్డు పక్కన ఒక పగలు, ఒక రాత్రి కాపలా ఉండి, లారీకి కట్టించుకుని కారును మోత్కూర్‌లో ఖాజా చాచా షెడ్డుకు చేర్చాడు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కోకుండా గోడకానుకుని కూర్చున్న బాపుకు అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది.

రెండు రోజులకు ఊళ్లో మాట పుట్టింది. యాదగిరి ఆయిల్ పైసలు తాగిండంట, ఏడాది సంది ఆయిలే మార్చలేదంట అని. మా బడి పిల్ల ఒకతి నన్ను చూసి 'మీ బాపు ఆయిల్ తాగుతడంట గదా' అంది. దాని పేరు ఇక్కడ రాయను గానీ, ఆ తర్వాత ఐదేళ్లు ఒకే క్లాసులో ఉండి నేను దానితో మాట్లాడలేదు. ఇంజన్ విప్పి చూసిన ఖాజా చాచాకు నిజం తెలుసు. కానీ కంట్రాక్టర్ లారీలన్నీ ఆయన షెడ్డుకే వస్తాయి. బాపు పోయి అడిగితే, ఇంకా చూస్తున్న అన్నాడు. ఆ రెండు రోజుల మౌనాన్ని కూడా నేను మరిచిపోలేదు.

సద్దుల బతుకమ్మ నాటి పొద్దున. మా వాకిట్లో తంగేడు పూలు కుప్ప పోసి ఉన్నాయి. అవ్వ తాంబాళంలో గుమ్మడి ఆకులు పరుస్తుంటే నేను గునుగు కట్టలకు రంగు అద్దుతున్నాను. కంట్రాక్టర్ ఇద్దరు మనుషులతో వచ్చాడు, వెనక ఖాజా చాచా. చెప్పులతోనే పూలను తొక్కుకుంటూ వచ్చి నిలబడి, వాడకట్టంతా వినేలా అన్నాడు.

'ఏడాది సంది బండ్ల ఆయిల్ మార్చలేదు వీడు. నా పైసలు తాగిండు. ఇంజన్ రిపేరు వీడే కట్టాలె. లేకపోతె ఠాణాకు నడువు.'

'మార్చిన సాబ్' అన్నాడు బాపు.

'ఏదిరా చిట్టీ? ఒక్కటి చూపియ్యి.'

బాపు దగ్గర చిట్టీలు లేవు. బండి ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో డబ్బా కొనేవాడు, వాళ్లు చిట్టీ ఇచ్చేవారు కాదు, ఈయన అడిగేవాడు కాదు. 'మార్చిన సాబ్' అని మళ్లీ అన్నాడు. మూడోసారి అనేసరికి గొంతు సన్నబడింది. మా బాపు గొంతు అలా సన్నబడటం నేను వినడం అదే మొదటిసారి.

అవ్వ చేతికంటిన పసుపు కొంగుకు తుడుచుకుని లేచింది. 'చిట్టీలు నా కాడ ఉన్నయి. నడువుండ్రి, చూపిస్త.'

ఆమె ముందు, కంట్రాక్టర్ వెనక, ఆ వెనక వాడకట్టంతా. మల్లయ్య దర్వాజ ముందు ఆగి దాని మీద గోరుతో గీకి చూపించింది. నల్లటి పొర కింద నుంచి కాలిన ఆయిల్ వాసన వచ్చింది. నిరుడు మిరుగునాడు పూసిందని మల్లయ్య చెప్పాడు. లచ్చమ్మక్కను అడిగితే, 'మా బర్రె ఈనిన నాడు పూసిన. దుడ్డెకు ఏడాది దాటింది. నా మాట నమ్మకపోతె బర్రెనడుగుండ్రి' అంది. ఎవరో నవ్వారు, కంట్రాక్టర్ చూపు తిరగ్గానే ఆపేశారు. మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఒక్కో దర్వాజ దగ్గర అవ్వ ఆగడం, గీకడం, పండుగ పేరు చెప్పడం. ఏడోది సత్తయ్యది. సత్తయ్య కంట్రాక్టర్ ముఖం చూసి తల దించుకున్నాడు.

'నువ్వు చెప్పకు తియ్ సత్తయ్యా. నీ కూలి నీకుండాలె' అంది అవ్వ. 'నీ దర్వాజ చెప్తది.'

ఇంకా రెండు నెలలే అయినందువల్ల ఆ దర్వాజ మీద పూత తడి తడిగానే మెరుస్తోంది. కంట్రాక్టర్ దాని వైపు చూడలేదు. లారీ షెడ్డు దగ్గర తెచ్చి పూసుకుని ఉంటారు, నాకేం తెలుసు అన్నాడు. అప్పుడు ఖాజా చాచా జేబులోంచి పేపర్ పొట్లం తీశాడు.

'నా షెడ్డుల కెల్లి గీ వాడకట్టుకు ఒక్క చుక్క రాలే సాబ్. మొత్తం ఇటుకబట్టీకి పోతది. ఆయిల్ తప్పు గాదు, ఇగో, ఇది చూడుండ్రి. కాయితం కడిగి కడిగి పిండి అయింది. ముక్కలు పోయి ఆయిల్ తొవ్వకు అడ్డం పడ్డయి. కడగమన్నది ఎవరో మీకే ఎర్క.'

నేను గోడ మీద తిప్పితిప్పి ఎండబెట్టిన ఫిల్టర్ అది. నీళ్లలో నానిన పుస్తకం అట్టలా ఉంది.

కంట్రాక్టర్ నవ్వాడు. 'సరే తియ్, అయిందేదో అయింది. దసరా ఎల్లినంక బండి తీద్దువు తియ్ యాదగిరి.'

అంతా సర్దుకుందని జనం కదలబోయారు. బాపు కదల్లేదు.

'గట్ల గాదు సాబ్. పైసలు తాగిండన్న మాట వాపస్ తీస్కోండ్రి.'

'మాట వాపస్ తీస్కునుడేందిరా? గదేమన్న దుకాణంల సామానా?'

ఈసారి చాలామంది నవ్వారు. సత్తయ్య కూడా నవ్వాడు. బాపు అంగీ జేబులోంచి కారు తాళంచెవి తీసి, సత్తయ్య గడప మీద, నల్లటి దర్వాజ కింద పెట్టి ఇంటికి వచ్చేశాడు. తాళంచెవి పెట్టిన చోటు నేను చూశాను గానీ, ఎవరు తీసుకున్నారో చూడలేదు. అప్పటికి నేను మా వాకిట్లో వాళ్లు తొక్కిన తంగేడు పూలు ఏరుతున్నాను.

ఆ దసరాకు మాకు కొత్త బట్టలు లేవు. గారెలు ఒక్క వాయే వేశారు. ఉగాది దాకా బాపుకు పని దొరకలేదు, తర్వాత పరాయివాళ్ల ట్రాక్టర్ నడిపాడు, మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చుని ఏ కారూ నడపలేదు. ఆ ఒక్క మాట మింగేస్తే అయిపోయేది గదా అని అమ్మ ఎన్నోసార్లు అంది, అవ్వ ఒక్కసారి కూడా అనలేదు. ఎనిమిదో మార్పిడి మా వాకిట్లో జరగలేదు. రెండు వానాకాలాలు దాటాక ఒక పొద్దున తలుపు తీస్తుంటే కీలుతో పాటు దర్వాజ కట్టె చేతిలోకి ఊడి వచ్చింది, లోపలంతా మట్టి. కంట్రాక్టర్ చనిపోయేదాకా, ఆయన ఎదురుపడితే బాపు పక్కకు తప్పుకుని పోయేవాడు. నేను తప్పుకోలేదు, నమస్తే పెట్టలేదు కూడా.

మొన్న మోత్కూర్ పోయాను. వాడకట్టు నిండా స్లాబు ఇళ్లు, రెడీమేడ్ తలుపులు. అవ్వ లేదు, బాపు లేడు, ఖాజా చాచా షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఆయిల్ కోసం డబ్బా పట్టుకుని నిలబడేవారు ఎవరూ లేరు. సత్తయ్య కొడుకు మాత్రం పాత దర్వాజను మేకల కొట్టానికి అడ్డం పెట్టాడు. గోరుతో గీకితే ఇంకా ఆ వాసన వచ్చింది, ఒక్క చెదగీత లేదు. కావాలంటే తీస్కపో అక్కా అన్నాడతను. వద్దన్నాను. అది వాళ్ల వంతు.

ఈసారి సర్వీసుకు పోయినప్పుడు ఒక ఖాళీ డబ్బా తీసుకుపోయాను. తీసిన ఆయిల్ నాకు ఇవ్వమంటే, ఇవ్వరాదు మేడం, డ్రమ్ములో పోసి పంపించాలి అన్నారు. నేను డబ్బులిచ్చి కొన్న ఆయిల్, నా బండిలో కాలిన ఆయిల్ అని వాదించాను. ఫిర్యాదుల పుస్తకం తెప్పించుకుని రాశాను. మేనేజర్ వచ్చి ఎంతో మర్యాదగా, అది మీకెందుకు మేడం అని అడిగాడు.

పూయడానికి మాకు దర్వాజ లేదని నాకు తెలుసు.

'మా వంతు ఇంకా రాలేదు' అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. డబ్బాను కారులోనే ఉంచాను, వచ్చే సర్వీసుకు మళ్లీ అడుగుతాను.